నెమరు ఆగితే ఆగే మగ్గం

మా ఇంట్లో అందరం గట్టిగా మాట్లాడతాం. చిన్నాన్న కూతురికి పెళ్ళిచూపులు జరిగిన రోజు, వచ్చినవాళ్ళు లోపల కొట్లాట అవుతోందనుకుని లేచి చెప్పులు వేసుకున్నారు. కొట్లాట కాదు, చాయ్‌లో చక్కెర ఎంత వెయ్యాలని అడుగుతున్నారు. షోలాపూర్ భవానీ పేటలో సాంచాల మధ్య పుట్టినవాళ్ళకు మెల్లగా మాట్లాడటం పెద్దయ్యాక నేర్చుకునే విద్య, ఈత లాగా. కొందరికి చచ్చేదాకా రాదు.

సాంచా అంటే కరెంటు మగ్గం. ఇంటి వెనక రేకుల షెడ్డులో మాకు నాలుగుండేవి. రెండు అమ్మ చూసేది, రెండు నాయిన. నేను జాబర్ని, అంటే మొండికేసిన మగ్గాన్ని బాగుచేసేవాణ్ణి. ఇంట్లో నాలుగింటికీ, కుంఠా నాకా దగ్గర ఇంకో రెండు కార్ఖానాలకీ నేనే దిక్కు. పంతొమ్మిదేళ్ళకే జాబర్ని అయ్యానని నాయిన చుట్టాలకు చెప్పుకునేవాడు. పదో తరగతి రెండుసార్లు తప్పానన్న సంగతి చుట్టాలే చెప్పుకునేవాళ్ళు.

అమ్మ చెవులు నా కళ్ళముందే పోయాయి. మొదట ప్రతి మాటకూ "ఆఁ?" అనేది. తర్వాత "ఆఁ" అనడం మానేసి నవ్వడం మొదలుపెట్టింది. చెవుల డాక్టరు దగ్గరికి పోదామంటే, "నాకు ఇనబడితె మాత్రం మీరేం మంచిమాటలు మాట్లాడుతున్రు," అనేది. 

వినపడకపోయినా ఆమెకు తెలియనిది లేదు. పెదాలు చూసి మాట పట్టేసేది. సాంచాలు నడుస్తుండగా అందరమూ అలాగే మాట్లాడుకుంటాం గానీ అమ్మది వేరే స్థాయి. మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. మగ్గాల మోతలో దాని గొంతు ఎవరికీ వినపడదు కాబట్టి మేం బొమ్మే చూసేవాళ్ళం. అమ్మ మాత్రం మరాఠీ వార్తలు చదివే ఆమె పెదాలు చూసి రేపు వాన ఉందో లేదో చెప్పేది. తెలుగు, మరాఠీ, హిందీ మూడింట్లోనూ చెవిటిది మా అమ్మ, మూడూ అర్థమయ్యేవి.

ఇంకొకటి ఆమె వేళ్ళు. తెగిన పోగును ముడేస్తే, ఆ ముడి మీద బొటనవేలు రాసి ఎవరు వేశారో చెప్పేది. నాయినది లావు ముడి. ఎదురింటి కాకది తొందర ముడి, రెండు గజాలు నేసేసరికి విడిపోతుంది. నాది ఎడమచేతి వాటం కాబట్టి మెలిక తిరగబడి ఉండేది. "ఇది నా కొడుకు ముడి, ఉల్టా పుట్టిండు," అని వచ్చినవాళ్ళకు చూపించేది. నేను పుట్టినప్పుడు కాళ్ళు ముందు వచ్చాయట. ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా ఆ సంగతి గుర్తొచ్చేది.

షెడ్డు గోడకు అవతల బర్రె ఉండేది. కొమ్ములు కత్తుల్లాగా వెనక్కి వాలిన పండరిపురం బర్రె. నేతగాళ్ళకు బర్రె ఎందుకని అడిగేవాళ్ళకు, నూలుకు పట్టించగా మిగిలిన గంజి పారబొయ్యలేక కొన్నామని నాయిన చెప్పేవాడు. చెంబు గంజి మిగిలిందని బర్రెను కొన్న వంశం మాది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం అది చచ్చిపోయింది. తడిగడ్డి తిని కడుపు ఉబ్బింది. గోడకు ఇవతల నాలుగు సాంచాలు నడుస్తున్నాయి, మేం ముగ్గురం అక్కడే ఉన్నాం. దానికీ అమ్మకూ మధ్య దూరం ఎనిమిది అడుగులు. అది కాలితో నేల తవ్వింది. మెడతాడు రాయిని ఒరుసుకుని తెగడానికి వచ్చింది. సందు చివర ఇడ్లీ బండి ఆయనకు దాని అరుపు వినపడిందట. "ఎదకొచ్చిందేమో అనుకున్న," అన్నాడు. తప్పేం లేదు, మనుషుల విషయంలో కూడా ఆయన అలాగే అనుకునేవాడు. ఎదురింటి కాక వచ్చి చేతులు ఊపేదాకా మాకు తెలియలేదు.

అమ్మ దాని పక్కన కూర్చుని తెగబోయిన మెడతాడు విప్పింది. తర్వాత తన చెవి కొసను పట్టుకుని లాగి చూపిస్తూ, "ఇవి చంపినయి దాన్ని," అంది. నేనేదో అనబోయాను. ఏదైనా అనకుండా ఉండటం నాకు చేతకాదు. నాయిన నా భుజం మీద చెయ్యి వేస్తే ఊరుకున్నాను.

దానికి రెండు నెలల పెయ్య ఉంది. అమ్మ దానికి సీసాతో పాలు పట్టి పెంచింది. దాన్ని "బిడ్డా" అని పిలిచేది. నన్నూ అలాగే పిలిచేది. పిలిచినప్పుడల్లా ఇద్దరం తల తిప్పేవాళ్ళం. ఎక్కువసార్లు పిలుపు దానికే.

పెయ్య పెరిగి బర్రె అవుతున్నకొద్దీ అమ్మకు ఒక భయం పట్టుకుంది. పది నిమిషాలకోసారి తన రెండు సాంచాలూ ఆపి, గోడ చుట్టూ తిరిగి వెళ్ళి, దాని దవడ కింద అరచెయ్యి పెట్టి చూసేది. దవడ ఆడుతుంటే, అంటే నెమరు వేస్తుంటే, తిరిగి వచ్చేది. బర్రెకు నొప్పి పుడితే ముందు ఆగేది నెమరే. అరుపు తర్వాత సంగతి. కొన్ని బర్రెలు అసలు అరవవు, పళ్ళు కొరుక్కుంటూ నిలబడతాయి. ఈ మాట మాకు చెప్పింది బర్రెల డాక్టరు. మరాఠీ ఆయన, పాత స్కూటర్ మీద తిరిగేవాడు. "జనావర్ బోలత్ నాహీ," అనేవాడు ప్రతి ఇంట్లో, పశువు మాట్లాడదు అని. ఆ ముక్క తన ఫీజులో భాగమన్నట్టు చెప్పేవాడు.

"గంటకు ఆరుమాట్లు ఉరికితె గుడ్డ ఎవడు నేస్తడే? నీ బర్రె నేస్తదా?" అనేవాడు నాయిన.

"నేస్తది కావచ్చు. నీకన్న నిమ్మళంగ," అనేది అమ్మ.

ఆ పోట్లాట చూసి చూసి నాకు ఆలోచన వచ్చింది. దాన్ని నేను దయ అని చెప్పుకోను. నాకు పని తక్కువగా ఉండే రోజులు అవి.

సాంచాకు పక్కన మూడు పళ్ళ చిన్న ఫోర్కు ఒకటి ఉంటుంది. నాడె అటూ ఇటూ తిరుగుతూ పేక పోగును, అంటే అడ్డపోగును, పరుస్తున్నంతసేపూ ఆ పోగు ఫోర్కును తాకుతూ ఉంటుంది. పోగు తెగితే తాకేది ఉండదు, ఫోర్కు తోక కిందికి పడి మగ్గాన్ని ఆపేస్తుంది. అంత పెద్ద ఇనుప గొడ్డుకు ఒక పోగు తెగిన సంగతి తెలుస్తుంది. ఇంటి బర్రె చచ్చిపోతుంటే మాకు తెలియలేదు. ఇక్కడ తెలివైనవాళ్ళు ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

గంట కడితే మా షెడ్డులో వినపడదు. బల్బు పెడితే ఎవరూ తల ఎత్తరు. కానీ మగ్గం ఆగితే మాత్రం మా అమ్మ నిద్రలో ఉన్నా లేస్తుంది. కాబట్టి బర్రె నెమరు ఆగితే అమ్మ సాంచా ఆగాలి. ఇదీ నా లెక్క.

దాని మొహానికి మెత్తటి నూలు పట్టీ ఒకటి అల్లాను. దవడ కింద నుంచి దారం తీసి, పాత కండెల మీదుగా నడిపించి, ఒక పొడవాటి డబ్బాలోకి దించాను. డబ్బా నిండా చిక్కటి గంజి. అందులో దారానికి వేలాడే ఇనుప ముక్క. దవడ ఆడినప్పుడల్లా ఇనుము కొంచెం పైకి లేస్తుంది. దవడ ఆగితే గంజిలో మెల్లగా, ముహూర్తాలు లేని అమావాస్య నాటి పంతులు లాగా తాపీగా, కిందికి దిగుతుంది. అడుగుకు చేరేసరికి గంట సేపు పడుతుంది. చేరగానే ఇంకో దారాన్ని లాగుతుంది. ఆ దారం గోడకు కొట్టిన బెజ్జంలోంచి వచ్చి అమ్మ సాంచా ఫోర్కు తోకను పట్టుకుంటుంది. సాంచా ఆగుతుంది. మొదటిసారి కుదరలేదు, రెండోసారి డబ్బా బర్రె తాగేసింది. పన్నెండోసారికి పనిచేసింది. ఎందుకు పనిచేసిందని అడిగితే నాకూ తెలియదు.

పేట అంతా చూడటానికి వచ్చింది. ఎదురింటి కాక దారాన్ని ఇటూ అటూ లాగి చూశాడు.

"ఏంది ర, బర్రెతోని సాంచా నడుపుతున్నవా?"

"నడుపుడు కాదు కాకా, ఆపుడు."

"ఆపుడైతె దానికి బర్రె ఎందుకు ర? మా ఇంట్ల మీ చిన్నమ్మ ఉంది గద."

నాయిన నవ్వలేదు. డాక్టరు స్కూటర్ దిగి డబ్బాలోకి వంగి చూశాడు, వేలు పెట్టి వాసన చూశాడు, నన్ను ఎంత వరకు చదివానని అడిగాడు. చెప్పాను. "మగ్ బరోబర్," అన్నాడు, అయితే సరే అని. అది మెప్పో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అమ్మ మాత్రం దగ్గరికి వచ్చింది. గోడ బెజ్జంలోంచి వచ్చిన దారం మీద ఒక వేలు ఆనించి కళ్ళు మూసుకుంది. గోడకు అవతల బర్రె నెమరు వేస్తోంది. ఆ కదలిక దారం వెంట ఆమె వేలికి వస్తోంది.

"ఇనబడుతుంది," అంది.

ఆ తర్వాత అమ్మ పది నిమిషాలకోసారి పరుగెత్తడం మానేసింది. నా పరికరం సాధించినది మొదట అదే. ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా అక్కడి నుంచే వచ్చింది.

ఒక సంక్రాంతి ముందు నా పరికరానికి పని పడింది. పని మధ్యలో సాంచా ఆగింది. అమ్మ పేక చూసింది, తెగలేదు. గోడ చుట్టూ పరుగెత్తింది. బర్రె ఎడమ డొక్క ఉబ్బి ఉంది, ఇంకా అరవలేదు, మెడ చాచి నిలబడింది. నేను సైకిల్ మీద వెళ్ళి డాక్టర్ని తెచ్చాను. ఆయన నూనె పోయించి, గొట్టం వేసి గాలి తీశాడు. అరగంటలో అది మళ్ళీ దవడ ఆడించింది. డాక్టరు చేతులు కడుక్కుంటూ, ఇంత తొందరగా తనను పిలిచిన ఇల్లు ఈ పేటలో ఇదే అన్నాడు. అమ్మ ఆయన పెదాలు చూస్తోంది. వెంటనే నా తల మీద చెయ్యి వేసింది. ఆ చేతికి పేడ ఉంది. వారం రోజులు తలస్నానం చెయ్యకుండా తిరిగానని చెబితే బాగుంటుంది గానీ, ఆ సాయంత్రమే చేశాను.

ఇక ప్రతి గొప్ప యంత్రానికీ ఉండే రోగమే దీనికీ వచ్చింది. ఊరికే ఆగడం. ఎండకు గంజి పలచబడితే ఇనుము గంటకు బదులు పావుగంటలో దిగేది. బర్రె మామూలుగా కునుకు తీసినా సాంచా ఆగేది. అమ్మ వెళ్ళేది, అది కళ్ళు తెరిచి ఆమె వైపు చూసేది, అమ్మ దాని నుదురు నిమిరి వచ్చేది. ఆమెకు విసుగు రాలేదు. నాయినకు వచ్చింది. "దాని సంగతేందో చూడు," అనేవాడు నాతో, అంతే.

ఊరికే ఆగే ఫోర్కుకు మా దగ్గర ఒక మందు ఉంది. ఏ పుస్తకంలోనూ ఉండదు, షోలాపూర్‌లో ప్రతి జాబర్‌కూ తెలుసు. కాస్త వేస్టు నూలు తీసుకుని ఫోర్కు తోకను కట్టేస్తాం. ఇక అది పడదు, మగ్గం ఆగదు. సాయంత్రం తీరిక చేసుకుని విప్పి బాగుచేద్దామని కడతాం. కట్టిన ఫోర్కు కింద నిజంగా పోగు తెగినా మగ్గం నడుస్తూనే ఉంటుంది, గుడ్డలో ఖాళీ పడుతుంది. ఆ సంగతి గుడ్డ దించి వెలుగులో పరిచాక తెలుస్తుంది. అప్పుడు గుడ్డ కొనే సేఠు తిడతాడు, జాబర్ తల గోక్కుంటాడు, మర్నాడు ఇంకో ఫోర్కు కడతాడు. ఎవరూ దీన్ని తప్పు అనుకోరు. నేనూ అనుకోలేదు.

ఆ ఏడు బర్రె చూడి కట్టింది. తొలిచూలు. నెలలు నిండుతున్నకొద్దీ అమ్మ దాని డొక్క మీద చెయ్యి పెట్టి, లోపల దూడ తన్నితే నవ్వేది. నాకు చూపించేది. "ఉల్టా ఉన్నట్టుంది, నీ లెక్కనే," అనేది. డాక్టరు వచ్చి చూసి అంతా సరిగ్గానే ఉంది, ఇంకో పదిహేను రోజులు అన్నాడు. దూడకు అమ్మ పాత చద్దరు ముక్కలతో పరుపు కుట్టింది. నాకు కుట్టినదాని కంటే అది మెత్తగా ఉంది. అడిగితే, "నువ్వు తన్నినంత ఇది తన్నుతలేదు," అంది.

దసరాకు ముందు తువ్వాళ్ళ ఆర్డరు ఒకటి ఉంది. ఆ సాయంత్రం లారీ కదులుతుంది, అమ్మ సాంచా మీది తానులు దిగాలి. పొద్దున తొమ్మిదిలోపు ఆ సాంచా మూడుసార్లు ఆగింది. మొదటిసారి అమ్మ వెళ్ళింది. బర్రె లేచి నిలబడి, ఆమెను చూసి రెండు నమిలి ఆపింది. రెండోసారి నేను వెళ్ళాను. నెమరు వేస్తూనే ఉంది. మూడోసారి వెళ్ళేసరికి వెయ్యడం లేదు. వెనకకాలు ఎత్తి పొట్టకు ఒకసారి కొట్టుకుంది. ఈగలు అనుకున్నాను. దసరా ముందు ఈగలు ఎక్కువ. డబ్బాలో వేలు పెడితే గంజి పలచగా నీళ్ళలాగా ఉంది. దొరికింది దొంగ అనుకున్నాను.

చిక్కటి గంజి కాచి పొయ్యడానికి అప్పుడు టైం లేదు. నేను అశోక్ చౌక్‌లో ఒక సామాను తీసుకుని కుంఠా నాకాకు వెళ్ళాలి, అక్కడ రెండు సాంచాలు పొద్దుటి నుంచి ఆగి ఉన్నాయి. అమ్మ నీళ్ళు తాగడానికి ఇంట్లోకి వెళ్ళింది. గోడ బెజ్జం పక్కన ఒక మేకు ఉంది. దారాన్ని ఆ మేకుకు చుట్టి, వేస్టు నూలుతో ముడేశాను. ఫోర్కుకు ఇక దాని లాగుడు అందదు. పేక తెగితే మగ్గం మామూలుగానే ఆగుతుంది, బర్రె దారం మాత్రం లేనట్టే. ఇంత శుభ్రంగా కట్టానని కూడా అనుకున్నాను.

అమ్మకు చెప్పాలనుకున్నాను. చెబితే మళ్ళీ పది నిమిషాలకోసారి పరుగెత్తుతుంది, ఆర్డరు ఆగుతుంది. సాయంత్రం వచ్చి విప్పేస్తే తెలియను కూడా తెలియదు. ఆమె లోపలి నుంచి వచ్చేసరికి నేను సైకిల్ ఎక్కాను.

కుంఠా నాకాలో పని పదింటికి మొదలైతే మూడున్నరకు అయింది. మధ్యలో అక్కడివాళ్ళకు మా బర్రె సాంచా కథ చెప్పి నవ్వించాను కూడా. డబ్బా తాగేసిన భాగం బాగా పండింది.

నేను ఇంటి సందు తిరిగేసరికి లైటు పోయింది. పేట పేటంతా ఒక్కసారి ఆగిపోయింది. మధ్యాహ్నాలు కరెంటు పోవడం మాకు కొత్త కాదు, కానీ ఆ నిశ్శబ్దానికి ఎప్పుడూ అలవాటుపడం. ఎవరో పీక నొక్కినట్టు ఉంటుంది. సైకిల్ దించి లోపలికి వెళ్ళాను. అమ్మ సాంచా పక్కన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతోంది. మొహం చెమటతో మెరుస్తోంది.

"వచ్చినవా? చూడు, అయిపోయింది. నువ్వు పోయిన కాడ్నుంచి ఒక్కమాటు గూడ ఆగలే. బంగారం లెక్క నడిచింది."

అప్పుడు వినపడింది నాకు. గోడ అవతల నుంచి. అరుపు కాదు. లోతుగా ఒక మూలుగు, ఆగి మళ్ళీ ఇంకొకటి. పేట అంతా ఆగిపోయింది కాబట్టి అది స్పష్టంగా వినపడుతోంది. అమ్మ చాయ్ గ్లాసులోకి ఊదుతోంది. ఆమె వీపు ఆ గోడకే ఆని ఉంది.

నేను గోడ వైపు తిరిగాను. ఆమె నా మొహం చూసింది. గ్లాసు కింద పెట్టింది. లేచింది.

బర్రె కుడిపక్కకు పడుకుని ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. నేల మీద వెనకకాళ్ళ గిట్టల కింద మట్టి గుంట పడింది. తల్లి తవ్వినట్టే. డబ్బాలో ఇనుము అడుగున కూర్చుని ఉంది, దాని నుంచి గోడ బెజ్జం దాకా దారం తీగలాగా బిగిసి ఉంది. ఎప్పటి నుంచి అలా లాగుతోందో.

నేను డాక్టర్ని తెచ్చాను. ఆయన చెయ్యి లోపలికి పెట్టి చూసి, గర్భసంచి మెలికపడింది అన్నాడు. నాయిన, కాక, ఇంకో నలుగురం కలిసి దాన్ని ఆయన చెప్పిన వైపుకు దొర్లించాం, పొట్ట మీద పలక పెట్టి. ఒకసారి, మళ్ళీ ఒకసారి, మూడోసారి. అమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అరచెయ్యి దవడ కింద ఉంది. మెలిక విడలేదు. డాక్టరు చొక్కా చేతులు దింపుకున్నాడు.

"సకాళీ బోలావాయలా పాహిజే హోతం," అన్నాడు. పొద్దున్నే పిలవాల్సింది. ఆ రోజు పశువు మాట్లాడదు అన్న మాట అనలేదు.

దీపాలు పెట్టే వేళకు అది పోయింది. లోపల దూడ ఇంకాసేపు కదిలింది. అమ్మ చెయ్యి డొక్క మీదికి మారింది, అక్కడే ఉంది. తర్వాత ఆ చెయ్యి కూడా తీసేసింది.

కరెంటు వచ్చింది. అందరూ షెడ్డులోకి వచ్చి నిలబడ్డారు, ఎందుకో తెలియదు, ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా. నాయిన నా మీద పడ్డాడు.

"ఇన్ని దినాలు ఇంత తమాష చేస్తివి. ఊరికె ఊరికె ఆగిన సాంచా, ఇయ్యాల ఎందుకు ఆగలే ర?"

నా దగ్గర ఎప్పుడూ జవాబుండేది. మాస్టర్లకు, సేఠులకు, పోలీసు బండి ఆపినప్పుడు కూడా. అప్పుడు అమ్మ వైపు చూశాను. ఆమె గోడ బెజ్జం పక్కన నిలబడి ఉంది. వేళ్ళు మేకు మీద ఉన్నాయి. బొటనవేలు ఆ ముడి మీద ఒకసారి అటు, ఒకసారి ఇటు రాసింది.

చూడలేదు. చూడక్కర్లేదు ఆమెకు. మెలిక తిరగబడి ఉంటుంది.

అదే చేత్తో ముడి విప్పింది. నూలు ముక్క పిడికిట్లోకి వెళ్ళింది. దారం వదులై కింద వేలాడింది. అప్పుడు నాయిన వైపు తిరిగి, ఎప్పటిలాగే గట్టిగా చెప్పింది.

"ఆగింది. రెండుమాట్లు ఆగింది. పేక తెగిందనుకొని నేనె మళ్ళ నడిపిన. ఆర్డర్ తొందరల పోయి చూడలే."

నాయిన ఆమె వైపు తిరిగాడు.

"చెవులె పోయినయనుకున్న. కండ్లు గూడ పోయినయా నీకు?"

"పోయినయి," అంది అమ్మ.

నేను అక్కడే ఉన్నాను. ఆమెకూ నాకూ మధ్య ఒక సాంచా ఉంది. నాయిన ఇంకా చాలా అన్నాడు. తల్లిని చంపావు, బిడ్డను చంపావు అన్నాడు. ఆమె అతని పెదాలు చూస్తూ ప్రతి మాటా చదువుకుంది. కళ్ళు దించుకుంటే ఏమీ వినపడదు ఆమెకు. దించుకోలేదు. నేను సాంచా పిడి పట్టుకుని నిలబడ్డాను. కాక నా వీపు తట్టి, "పాపం, నువ్వైతె నీ వంతు చేసినవు బిడ్డా," అన్నాడు.

ఆర్డరు వెళ్ళిపోయింది. తానుల్లో ఒక్క ఖాళీ కూడా పడలేదు, సేఠు మెచ్చుకున్నాడు.

తర్వాత అమ్మ మళ్ళీ సాంచా ఆపడం మొదలుపెట్టింది. నడుస్తున్నది ఆపి, రెండు అడుగులు వేసి, గుర్తొచ్చి నిలబడేది. తిరిగి వచ్చి పిడి తోసేది. నాయిన చూసీ చూడనట్టు ఉండేవాడు. నేను మాట్లాడటం తగ్గించానని ఇంట్లో అందరూ గమనించారు. కాక అయితే, బర్రెతోబాటు నీ నాలిక గూడ పోయిందా అని అడిగాడు. నవ్వాను. ఆ మాట నాకు రాకుండా ఆయనకు వచ్చింది, అది కూడా ఒక దండన.

పదకొండో రోజునో పన్నెండో రోజునో ఇక ఉండలేక షెడ్డులోకి వెళ్ళాను. నాయిన బజారుకు పోయాడు. నాలుగు సాంచాలూ నడుస్తున్నాయి. అమ్మ ఎదురుగా నిలబడ్డాను, ట్యూబులైటు నా మొహం మీద పడేలాగా. నా పెదాలు ఆమెకు కనిపించాలి.

"అమ్మా, నేను కట్టిన," అన్నాను. "ఆ దారం నేను కట్టిన. పొద్దున్నె కట్టిన. దానికి నొప్పి మొదలైంది నేను చూసిన, ఈగలనుకున్న. నీకు చెప్పకుండ పోయిన. నువ్వు పోయి చూసెటిదానివి. చెప్పితె నువ్వు పోయి చూసెటిదానివి."

ఆమె నా మొహం మీంచి కళ్ళు తియ్యలేదు. చివరిదాకా చూసింది. మూడు భాషల్లో పెదాలు చదివే మనిషి, రేపటి వానను ముందే చెప్పే మనిషి.

"నాకు ఇనబడదు బిడ్డా," అంది.

బిడ్డా అన్నప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను అక్కడ. అమ్మ నా వెనక మగ్గం వైపు వేలు చూపించింది. పేక తెగి అది ఆగి ఉంది. నేను పక్కకు జరిగాను. ఆమె పోగు అందుకుని ముడేసి, పిడి తోసింది.